పైడమ్మ ఇచ్చిన గ్లాసెడు నీళ్లు

2023 వేసవి. అప్పుడు నేను తిరువూరులో కాపురముంటూ పక్క మండలంలో హెల్త్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. సూపర్‌వైజర్ అంటే ఫ్యాను కింద కూర్చుని సంతకాలు పెట్టే ఉద్యోగమని మా చుట్టాల నమ్మకం. అసలు పని స్కూటీ వేసుకుని ఏ ఊళ్లో జ్వరాలు, ఏ ఊళ్లో విరేచనాలు అని తిరగడం. వినగడప దాటి చాలా దూరం లోపలికి వెళితే, వాగు మీద వంతెన కట్టే క్యాంపు ఒకటి ఉండేది. నాలుగు వరసల రేకుల షెడ్లు, నలభై మంది దాకా కూలీలు, అంతా శ్రీకాకుళం వైపు వాళ్లే. దగ్గర్లో ఊరు లేదు. ఫోన్ మాట్లాడాలంటే కంకర గుట్ట ఎక్కాలి.

ఆ క్యాంపు నాకు కొత్తేమీ కాదు. చలికాలంలో ఒకసారి వెళ్లి అరగంట మీటింగు పెట్టి వచ్చాను. ఎ.కొండూరు వైపు కిడ్నీ జబ్బుల సంగతి మా ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. అందుకే ఎక్కడికి వెళ్లినా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ గురించి చెప్పడం మాకు అలవాటు. ఆ రోజు బాగా చెప్పానని నాకే అనిపించింది. జనం కదలకుండా విన్నారు.

ఏప్రిల్‌లో ఒక పెద్ద వాన పడింది. తర్వాత మూడో రోజున మేస్త్రి సింహాచలం ఫోన్ చేశాడు. "మేడం, ఆరుగురికి వాంతులు, విరేచనాలండి. పని ఆగిపోనాది. బేగి రండి."

ఎండలో వెళ్లేసరికి నా నాలుక పిడచకట్టుకుపోయింది. క్యాంపులో అందరికీ వంట చేసే పైడమ్మ నా మొహం చూసి, ఏమీ అడక్కుండా షెడ్డులోకి వెళ్లి స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. యాభై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంటుంది. నీళ్లు చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఇంకో గ్లాసు అడిగి తాగాను.

తర్వాత పనిలో పడ్డాను. బోరు నీళ్లు ఎక్కించే నల్ల ప్లాస్టిక్ ట్యాంకు చూపించి, "ఈ నీళ్లేగా మీరు వాడేది?" అని అడిగాను. అందరూ తలలు ఊపారు. క్లోరోస్కోపు అని మా దగ్గర చిన్న పెట్టె ఉంటుంది. నీళ్లలో మందు చుక్క వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. ఒక్క పిసరు పసుపు రాలేదు. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను. సింహాచలాన్ని దులిపేసి, దగ్గరుండి బ్లీచింగ్ కలిపించి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచి, హెచ్‌టుఎస్ సీసాల్లో ట్యాంకు నీళ్లు, బోరు నీళ్లు పట్టుకుని వచ్చాను. నీళ్లలో మలం కలిసి ఉంటే ఆ సీసా ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది.

సీసాలు నల్లబడలేదు. రోగులు మాత్రం ఆరుగురు పదకొండు మంది అయ్యారు.

నాకేమీ అర్థం కాలేదు. లైన్ లిస్టు రాశాను. అంటే ఒక్కొక్కరి పేరు, వయసు, ఎప్పుడు మొదలైంది, ఏం తిన్నారు, ఏ నీళ్లు తాగారు అన్నీ వరసగా రాసే పట్టిక. జబ్బు లేనివాళ్లవి కూడా రాస్తాం, పోల్చుకోవడానికి. పోల్చుకుంటే తల తిరిగింది. అందరూ తిన్నది ఒకే డేగిసాలో అన్నం. అందరూ వాడేది ఒకే ట్యాంకు. మంచం పట్టనివాళ్లకు కూడా ఎంతో కొంత కడుపునొప్పి ఉంది, ఇద్దరికి తప్ప. మేస్త్రికి ఏమీ కాలేదు, అతను తిరువూరు నుంచి నీళ్ల క్యాను తెప్పించుకుంటాడు కాబట్టి అది సరే. పైడమ్మకు ఎందుకు ఏమీ కాలేదు?

మా ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు మామిడికాయల మీద అనుమానపడ్డారు. రాలిన కాయలు ఏరుకుని తింటున్నారేమో కనుక్కోమన్నారు. కనుక్కుంటే, జబ్బు పడినవాళ్లలో సగం మంది మామిడి ముట్టనే లేదు. తర్వాత అనుమానం పైడమ్మ మీదికి మళ్లింది. వంట మనిషి కడుపులో క్రిములుండి, తను బాగానే ఉంటూ పదిమందికి పంచిపెట్టడం మేం విన్నదే. నలుగురిలో ఆమె చేతులు చాపించి గోళ్లు చూశాను. "సబ్బుతో కడుగుతున్నావా, లేదా? నిజం చెప్పు" అని గద్దించాను. ఆమె చేతులు శుభ్రంగా ఉన్నాయి. వాటిని చీరకొంగులో దాచుకుంది. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ మర్నాటికి నాకే పట్టుకుంది. క్యాంపులో నేను అన్నం తినలేదు, మామిడికాయ తినలేదు. మా ఆయన "రోగం కనుక్కోమంటే ఇంటికే తెచ్చుకున్నావా?" అన్నాడు. నవ్వే ఓపిక కూడా లేదు నాకు.

అదే రోజు పైడమ్మ కోడలు గౌరిని తిరువూరు ఆసుపత్రిలో చేర్చారు. ఇరవై ఏళ్ల పిల్ల, ఎనిమిదో నెల. కళ్లు లోపలికి పీక్కుపోయాయి, కడుపులో బిడ్డ కదలిక సరిగా తెలియడం లేదంది. సెలైన్ ఎక్కుతుంటే తేరుకునేది, మళ్లీ విరేచనాలు పట్టుకునేవి. మిగతా క్యాంపు వాళ్లు మూడు రోజుల్లో కోలుకుంటుంటే, ఆసుపత్రిలో ఉన్న ఈ పిల్లకు మాత్రం తగ్గడం లేదు. మూడో రోజు పొద్దున డ్యూటీ డాక్టరు, "సాయంత్రానికి ఇలాగే ఉంటే విజయవాడ పంపించేద్దాం. బిడ్డ సంగతి నేను చెప్పలేను" అన్నారు. నాకు భయం వేసింది. ఆ పిల్ల చచ్చిపోతుందేమో, నా చేతిలో ఉన్న పట్టికలో అన్నీ రాసి ఉన్నా కారణం ఒక్కటే లేదేమో అనిపించింది.

మధ్యాహ్నం గౌరి మంచం పక్కన నిలబడి నా మాత్ర నేను వేసుకుందామని, "పైడమ్మా, కాసిని నీళ్లు పొయ్యి" అన్నాను. ఆమె మంచం కింద నుంచి సీసా తీసి గ్లాసులో పోసింది. ఒక గుక్క నోట్లో పోసుకోగానే ఆగిపోయాను. తియ్యగా ఉన్నాయి. ఆసుపత్రి కుళాయి నీళ్లు చప్పగా ఉంటాయి. క్యాంపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని ఎవరు నాలుక మీద వేసుకున్నా చెబుతారు. ఆ మొదటి రోజు నేను అడిగి మరీ తాగిన నీళ్లు ఇవే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, జవాబును కడుపులో పోసుకుని నేను మామిడికాయల వెంట తిరిగాను.

వాష్‌బేసిన్‌లో ఉమ్మేసి వచ్చి అడిగాను. "ఈ నీళ్లు ఎక్కడివి?"

ఆమె సీసా మూత బిగించి మంచం కిందికి తోసింది.

"పైడమ్మా, నిన్ను తిట్టను. గౌరికి ఇవే ఇస్తున్నావా?"

"మీరు సెప్పినట్టే ఇస్తన్నానమ్మా. పేకెట్టు కలిపి గంటగంటకీ. ఇక్కడ నీరు కూడా బోరేనంట. అందుకని రోజూ బస్సులో వచ్చి మన నీరే తెస్తన్నాను."

"మన నీరు అంటే?"

"వాగులో సెలమ."

ఎండిన వాగు ఇసుకలో గుంట తవ్వితే ఊరే నీళ్లు. చెలమ నీళ్లు తియ్యగానే ఉంటాయి, కళ్లకు తేటగానే కనిపిస్తాయి.

"ట్యాంకు నీళ్లు తాగుతున్నామని అందరూ తలూపారు కదా!"

"తాగుతన్నారా అని మీరు అడగనేదు. వాడేది ఇవేనా అన్నారు. బువ్వకి, తానాలకి అయ్యే గదా." ఆమె కొంగుతో గౌరి నుదురు తుడిచింది. "సెలమ సంగతి సెప్తే పూడ్పించేత్తారని బయమేసింది. నా పెనిమిటి కిడ్నీలు పోయి డయాలసిస్ మీద పోనాడమ్మా. మా ఊర్ల ఇంటికొకడు అలాగే పోనాడు. ఇక్కడా అదే రోగమని మీటింగుల మీరే సెప్పినారు. నా కోడలికి, దాని కడుపులో పిల్లకి ఆ బోరు నీరు ఎలగ పోత్తాను?"

"కనీసం మరిగించి ఇవ్వచ్చు కదా తల్లీ!"

"మొదట్ల మరిగించేదాన్ని. మరిగించినా నాబం నేదని కూడా మీరే సెప్పినారు."

చెప్పాను. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదని చెప్పాను. క్రిములు మరిగిస్తే చస్తాయన్న రెండో మాట చెప్పలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ చలికాలం మీటింగు చివర వెనక నుంచి ఒక ఆడమనిషి లేచి, "మరేటి తాగమంటారమ్మా?" అని అడిగింది. నేను స్కూటీ తాళం తీస్తూ, "క్యాన్లు తెప్పించమని మేస్త్రికి చెప్పాలే" అనేసి వచ్చేశాను. క్యాన్లు వారం రోజులు వచ్చాయట. తర్వాత రాలేదు. నేను మళ్లీ అడగలేదు.

"ఆ రోజు అడిగింది నువ్వేనా?"

"నానే."

ఇంకొక్కటి మిగిలింది. "మరి నీకెందుకు రాలేదు?"

"సెలమల నీరు నెమ్మదిగా ఊరతాది. అంతమందికి సాలదు. ముసలిదాన్ని, నాకేటి, నాను టేంకు నీరే తాగుతాను."

నాకు ఏడుపొచ్చింది. తను తాగకుండా ఆ నీళ్లు తోడి అందరికీ పోసింది, నేను గోళ్లు చూసిన చేతులే.

సీసా పారబోయించి, నర్సు చేత క్యాను నీళ్లలో ఓఆర్ఎస్ కలిపించి గౌరి దగ్గర పెట్టించాను. డ్యూటీ డాక్టరుకు జరిగింది చెప్పి, పైడమ్మను స్కూటీ ఎక్కించుకుని క్యాంపుకు వెళ్లాను. చెలమ చుట్టూ రాళ్లు పేర్చి, పైన తాటాకు కప్పి, ఎంతో శుభ్రంగా ఉంచింది. కానీ సరిగ్గా దాని పైనున్న గట్టు మీదే క్యాంపంతా బయలుకు వెళుతుంది. మొన్నటి వానకు గట్టు మీది మట్టి కోసుకుపోయి, గాడిపడి నేరుగా చెలమ వైపు దిగింది. అక్కడ పట్టిన సీసా మర్నాటికల్లా బొగ్గులా నల్లబడింది.

చెలమ పూడ్పించాను. కానీ పూడ్చేముందే పంచాయతీ మంచినీళ్ల ట్యాంకరు క్యాంపు ముందు నిలబెట్టించాను. అది రోజూ వస్తోందో లేదో వంతెన పని అయ్యేదాకా ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆ సాయంత్రం గౌరిని విజయవాడ పంపాల్సిన అవసరం రాలేదు. రెండు రోజుల్లో లేచి కూర్చుంది. నెలన్నర తర్వాత ఆడపిల్ల పుట్టింది, బరువు కాస్త తక్కువే, ఏడుపు మాత్రం వార్డంతా వినిపించింది.

ఇప్పుడు ఏ మీటింగుకు వెళ్లినా, ఫలానాది తాగొద్దని చెప్పాక నేను వెంటనే స్కూటీ తాళం తీయను. "మరేం తాగాలి?" అని ఎవరైనా అడిగేదాకా కూర్చుంటాను. అడగకపోతే నేనే అడిగి, జవాబు దొరికాకే లేస్తాను.

ఆ లైన్ లిస్టు నకలు ఇంకా నా దగ్గర ఉంది. తాగే నీళ్లు అన్న గడిలో మేస్త్రికి తప్ప అందరికీ 'ట్యాంకు' అని నా చేత్తోనే రాసుకుంటూ పోయాను. వాటిలో నిజం ఒక్కటే, పైడమ్మ పేరు ఎదురుగా ఉన్నది.