గుమ్మటం ఆయాసం

ఏ బరువు ఎత్తాల్సి వచ్చినా తన బరువు కూడా అందులో కలిపి చెప్పుకోవడం గుమ్మటానికి ఉన్న ఒకే ఒక్క జబ్బు. స్ట్రెచర్ మీద ఎంత బక్కప్రాణి పడుకున్నా సరే, ముందు ఆ మనిషిని చూసేవాడు. తర్వాత వంగి తన పొట్టను చూసుకునేవాడు. ఆ తర్వాత ఓ నిట్టూర్పు విడిచి, "ఇద్దరం ఉన్నాం" అనేవాడు.

ఆ ఆసుపత్రిలో లిఫ్టు చచ్చి చాలా కాలమైంది. దాని తలుపుకు తాళం వేసి, ముందు విరిగిన మంచాలు పేర్చారు. అందుకని బతికున్నవాళ్లు పైకి వెళ్లాలన్నా, పోయినవాళ్లు కిందికి రావాలన్నా ఇద్దరే దిక్కు. ఒకడు గుమ్మటం, రెండోవాడు పుల్ల. అసలు పేర్లు వాళ్ల ఇళ్లలోవాళ్లకు గుర్తుండే ఉంటాయి. గుమ్మటం గుమ్మంలో నిలబడితే లోపలి గదిలో దీపం వెయ్యాల్సి వచ్చేది. పుల్ల అదే గుమ్మంలో నిలబడితే దారి ఖాళీగానే ఉందనుకుని జనం వచ్చి గుద్దుకునేవారు. చుట్టరికమేమీ లేకపోయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు.

మెట్ల మీద స్ట్రెచర్ కింది కొస ఎప్పుడూ గుమ్మటానిదే. బరువంతా జారి కింది కొసకే వస్తుంది కాబట్టి పెద్ద ఒళ్లున్నవాడు అక్కడ ఉండటం న్యాయమే. మెట్ల మలుపు వచ్చేసరికి మాత్రం గోల మొదలయ్యేది.

"ఆగు బావా! దించు, దించు. చచ్చాను."

"ఇప్పుడే కదా ఎత్తాం!"

"నీకేం, నువ్వు ఈ పెద్దాయన్ని మోస్తే చాలు. నేను ఈయన్నీ మొయ్యాలి, నన్ను నేనూ మొయ్యాలి. మా అమ్మ నన్ను కని వదిలేసింది, ఆ రోజు నుంచి మోత నాదే."

మలుపులో స్ట్రెచర్ దించి, మెట్టు మీద కూలబడి, బుసలు కొడుతూ రొప్పేవాడు. ఆ రొప్పు విని కాలు విరిగిన ఓ ముసలాయన జాలిపడిపోయాడు. "నాయనా, నేను దిగి కుంటుకుంటూ వస్తాలే. నువ్వొచ్చి ఇందులో పడుకో."

శవాన్ని దించేటప్పుడూ ఇదే తంతు. గుమ్మటం దుప్పటి కప్పిన మొహం వైపు తిరిగి, "ఏమనుకోకండి బాబుగారూ, మీకిప్పుడు తొందరేం లేదు కదా" అని విన్నవించుకునేవాడు. వెనకాల వస్తున్న బంధువులు ఏడుపు ఆపి చూసేవారు. ఒకసారి భర్తను పోగొట్టుకున్న ఒకావిడ కళ్లు తుడుచుకుని, "ఆయనకెప్పుడూ తొందర లేదులెండి" అంది. అని మళ్లీ ఏడుపందుకుంది.

ఆ చలికాలం ఊపిరితిత్తుల జబ్బు ఊరంతా పాకింది. ఆ వార్డు అన్నింటికన్నా పై అంతస్తులో ఉంది. పొద్దున ఎక్కించినవాళ్లనే సాయంత్రం దించిన రోజులున్నాయి. మెట్ల మీద మందునీళ్ల వాసన, ఏడుపులు, ఎదురుపడే స్ట్రెచర్లకు దారిమ్మని కేకలు. ఇంత చావులోనూ గుమ్మటం ఏ మలుపునూ వదల్లేదు.

పుల్లకు ఇది మహా నామోషీగా ఉండేది. ఇంటికెళ్లి పెళ్లాం దగ్గర చెప్పుకునేవాడు.

"నేను కాబట్టి వాడితో వేగుతున్నాను. ఇంకొకడైతే ఎప్పుడో పొమ్మనేవాడు."

"ఆ అన్నయ్య సంగతి తర్వాత. మీ దగ్గు సంగతేంటి? రోజూ డాక్టర్ల మధ్యే తిరుగుతారు, ఒక్కరికి చూపించుకోలేరా?"

"చూపిస్తే ఏమవుతుంది? ఛాతీలో గురక ఉందని గేటు దగ్గర కాపలా ఉండే ముసలాణ్ణి పనిలోంచి తీసేసి ఇంటికి పంపేశారు. నన్నూ పంపుతారు. ఇంటికొచ్చి నీ మొహం చూస్తూ కూర్చోనా?"

అందుకే ఆ దగ్గు పుల్ల పరమ రహస్యం. మలుపులో గుమ్మటం రొప్పుతున్నంతసేపూ పుల్ల గోడవైపు తిరిగి, చొక్కా చేతిలోకి దగ్గి, గుండెల నిండా గాలి పీల్చుకునేవాడు. వాడి ఆయాసం తనకు కలిసొచ్చిందని లోలోపల అనుకునేవాడు. ఆ మాట పైకి అనడానికి మాత్రం రోషం అడ్డొచ్చేది.

చివరికి ఓ రోగి కొడుకు వెళ్లి సూపర్వైజరు ముందు గగ్గోలు పెట్టాడు. కొన ఊపిరితో ఉన్న తన తల్లిని మెట్ల మీద పెట్టి ఆ లావుపాటివాడు సేద తీరాడట. సూపర్వైజరు ఇద్దరినీ పిలిపించాడు.

"ఏమయ్యా, ఇది ఆసుపత్రా, నువ్వు షికారుకొచ్చిన తోటా?"

"నా చేతిలో ఏముంది సార్! ఈ ఒళ్లు నా మాట వినదు."

"నా మాట వింటుందిలే. ఇకమీదట మెట్ల మీద ఆగావంటే ఉద్యోగానికి అదే ఆఖరి రోజు."

పుల్ల మనసు కరిగిపోయింది. ఎంతైనా పాపం, ఎత్తలేక ఎత్తుతున్నాడు. "సార్, వాడి పూచీ నాది. నేను నడిపిస్తాను కదా" అన్నాడు ఉన్న ఛాతీ అంతా విరుచుకుని. గుమ్మటం వాడి వంక వింతగా చూశాడు. బయటికొచ్చాక, "నీ మేలు మర్చిపోలేను బావా" అని మొహం అటు తిప్పుకున్నాడు.

మర్నాడు వాళ్ల వంతుకు ఓ బేకరీ యజమాని వచ్చాడు. చూడటానికి గుమ్మటానికి సొంత తమ్ముడిలా ఉన్నాడు. కింద సూపర్వైజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి మలుపు వచ్చింది.

"ఆగు బావా, దించు."

"ఆగను. ఆగితే నీ ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే ఊడనీ! దించమంటున్నానా?"

"నోర్మూసుకుని ఎక్కు!"

స్నేహితుడి నోటి దగ్గర కూడు కాపాడాలని పుల్ల ఆ మలుపు ఆగకుండా దాటేశాడు. తర్వాతి మెట్ల వరస సగంలో ఉండగా వాడికి గాలి అందలేదు. నోరు తెరిచాడు, అయినా అందలేదు. మోకాళ్లు వాటంతటవే మడతపడ్డాయి. చేతుల్లోంచి స్ట్రెచర్ జారింది.

గుమ్మటం ఆ స్ట్రెచర్‌ని పొట్టతో అడ్డుకుని, రెండు చేతులతో వాటేసుకుని, బేకరీ యజమానిని ఒక్కడే అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆ పెద్దమనిషి గుర్తున్న దేవుళ్లందరినీ పిలిచాడు. కాపలావాళ్లు పరుగెత్తుకొచ్చి ఆయన్ని అందుకునేదాకా గుమ్మటం కదల్లేదు. పుల్ల మెట్ల మీద పక్కకు తిరిగి పడి ఉన్నాడు. వాడి చొక్కా చేతికి నెత్తురు.

ఇంకో స్ట్రెచర్ తెచ్చి పుల్లను ఎక్కించారు. పై కొస ఓ కాపలావాడు పట్టాడు. కింది కొస గుమ్మటం పట్టాడు. పడుకున్న పుల్లకు తన పాదాల అవతల గుమ్మటం మొహం కనిపిస్తోంది. మలుపు వచ్చింది. దించుతారని పుల్ల కళ్లు మూసుకున్నాడు. దించలేదు. కళ్లు తెరిచేసరికి ఇంకో మలుపు వెనకబడింది.

"కాస్త ఆగుదామా?" అన్నాడు పైనున్న కాపలావాడు రొప్పుతూ.

"వద్దు, ఎక్కు" అన్నాడు గుమ్మటం. వాడి మొహాన చెమట చుక్కయినా లేదు.

"బావా" అన్నాడు పుల్ల సన్నగా. "మలుపు దాటిపోయింది."

"ఊఁ."

"ఆగలేదేం?"

గుమ్మటం తడబడ్డాడు. "మర్చిపోయాను."

పుల్ల తల కాస్త పైకెత్తాడు. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"కింది కొస పట్టుకున్నవాడికి పై కొస వణుకు తెలీదా బావా? కర్రల్లోంచి నా అరచేతుల్లోకి వచ్చేది. నీకోసం ఆగుదామంటే నీకు రోషం పొడుచుకొస్తుంది. అందుకని నా ఒళ్లు అడ్డం పెట్టాను. ఇంత ఒళ్లు దేనికో దానికి పనికిరావాలిగా."

"మరి నిన్ను నువ్వు మోసుకోవడం?"

"పుట్టిన దగ్గర్నుంచీ మోస్తున్నవే కదా ఈ కాళ్లు! ఇంత ఒళ్లు మోసి మోసి గట్టిపడ్డాయి, వీటికి స్ట్రెచర్ ఒక లెక్కా? నీకున్నది పిడికెడు కండ. అదే బరువు నీకు కొండ. ఇక మాట్లాడకు, ఊపిరి దాచుకో."

వార్డు గుమ్మం దగ్గరికి చేరేసరికి వెనకాలే సూపర్వైజరు వచ్చాడు. "ఎవరివల్ల జరిగిందిది?"

ఆ గొంతు వినగానే గుమ్మటం తన కొస గుమ్మంలో ఉన్న నర్సమ్మకు అందించి, గోడకు చేరగిలబడి, బుసలు మొదలుపెట్టాడు. "నావల్లే సార్... నా బరువంతా... వాడి మీద పడింది..."

పుల్లకు నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. మోచేతి మీద లేచాడు. "అబద్ధం సార్. పైదాకా ఒక్క ఊపున ఎక్కాడు. వీడికి ఆయాసం ఎప్పుడూ లేదు. జబ్బు నాది."

గుమ్మటం రొప్పు గొంతులోనే ఆగిపోయింది. సూపర్వైజరు లావుపాటివాణ్ణీ బక్కవాణ్ణీ మార్చి మార్చి చూశాడు. "ముందు పడుకోబెట్టండి" అన్నాడు విసుగ్గా. "బతికి బయటపడితే కింద చీట్లిచ్చే కిటికీ దగ్గర కూర్చుంటాడు. లేకపోతే ఆ గొడవే ఉండదు." అని దిగి వెళ్లిపోయాడు. ఆయన దయ ఎప్పుడూ అంత ముద్దుగానే ఉంటుంది.

"ఇన్నాళ్ల నా పరువు గంగలో కలిపావు కదా బావా" అని గొణుక్కుంటూ గుమ్మటం పుల్లను మంచం మీదికి మార్చి దుప్పటి కప్పాడు. పక్క మంచం అప్పుడే ఖాళీ అయింది. దాని పరుపు చుట్టేస్తున్నారు. గుమ్మటం అటు చూసి, గబుక్కున ఇటు తిరిగాడు.

"ఒక్కమాట చెప్తున్నా విను. పైకి మోశాను. కిందికి మాత్రం మొయ్యను. నీ కాళ్ల మీద నువ్వే దిగాలి."

"దిగుతాలే" అన్నాడు పుల్ల. "ముందు నువ్వా కళ్లు తుడుచుకో. ఒళ్లంతా కరిగిపోతే రేపు కింది కొస ఎవరు పడతారు?"