అంత దూరం పోదు

మా చుట్టుపక్కల భూములన్నీ సోలారు కరెంటు ప్లాంటుకు పోయాక ఇళ్ళల్లో మిగిలిన సేద్యం సామాను ఒక్కటే, డ్రిప్పు పైపు. నీళ్ళు పారించడానికి చేను లేదు కాబట్టి దాన్ని మూరెడు ముక్కలుగా కోసి, పిల్లలను కొట్టడానికి తలుపు వెనక తగిలించుకున్నాం. నల్లగా, సన్నగా ఉంటుంది. గాలిలో కూస్తుంది. తగిలిన చోట రెండు ఎర్రగీతలు లేచి మధ్యలో తెల్లగా మిగులుతుంది. మా ఇంట్లో వేలాడే ముక్కకు నేను 'మేష్ట్రు' అని పేరు పెట్టాను. నా హాస్యానికి క్యాతగానచెర్లు దాకా పేరుంది. ఆ మాటకు ఊరంతా నవ్వింది.

అసలు మేష్ట్రు నాకు ఏడో తరగతిలో దొరికాడు. పావగడ బస్సులో పదకొండుకు దిగి, మూడుకు మళ్ళీ ఎక్కేవాడు. ఒకరోజు పెద్దయ్యాక ఏ పని చేస్తారో ఒక్కొక్కరే లేచి చెప్పమన్నాడు. మీ పనే చేస్తాను సార్, పదకొండుకు వచ్చి మూడుకు పోయే పని మా ఊళ్ళో ఇంకెవరికీ లేదు అన్నాను, బడి భాష కన్నడలోనే, మర్యాదగానే. క్లాసు నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే నా ఎడమచెయ్యి బల్ల మీద పెట్టించి, రూలుకర్రను అంచు మీదికి తిప్పి, దెబ్బదెబ్బకూ నా చేతే లెక్క చెప్పించాడు. నాలుగో దెబ్బకు చిటికెన వేలు ఎండిన కందికట్టెలా చప్పుడు చేసింది. నేను లెక్క ఆపాను. ఆయన మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఇంటికి పోతే, మేష్ట్రుకు కోపం తెప్పించినందుకు మా నాయన పగ్గంతో అందుకున్నాడు. మరుసటి రోజు నుంచి గొర్రెల వెంట పోయాను. గొర్రెలు నా మాటలకు నవ్వవు, కొట్టవు కూడా. వేలు వంకరగానే అతుక్కుంది.

కాబట్టి నా కూతురిని ఊరి పక్కన కొత్తగా పెట్టిన ఒక చిన్న బడిలో వెయ్యాలని నా భార్య పట్టుబట్టినప్పుడు నేను కాదనడానికి లేదు. ఆ బడిలో కొట్టరు. మా ఊరికీ సోలారు కంచెకూ నడుమ ఒక పాత పట్టుపురుగుల షెడ్డు ఉంది, అదే బడి. ఇరవై మంది పిల్లలు, అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక టీచరు. అందరూ ఆమెను అక్క అంటారు. సోమవారం పొద్దున ప్రతి పిల్లా తను ఏం నేర్చుకుంటుందో తన పలక మీద రాసి గోడమేకుకు తగిలిస్తుంది. రాయడం రానివాళ్ళు బొమ్మ వేస్తారు. వారం పట్టినా ఏడాది పట్టినా ఆ పలకను పిల్లే దించాలి, ఇంకెవరూ ముట్టకూడదు. ఏం నేర్చుకోవాలో పిల్లలే చెప్పేటట్టయితే మీరెందుకక్కా, ఒక గడియారం పెడితే చాలదా అని మొదటి రోజే అడిగాను. గడియారం కూడా లేదు చూడండి అని ఆమె గోడ చూపించింది. నాకు జవాబు చెప్పినవాళ్ళు తక్కువ. అందుకని కొంచెం గౌరవం కలిగింది.

ఆ బడిలో ఇంకో కట్టుబాటు ఉంది. ఎవరైనా ఎవరినైనా కొడితే షెడ్డు ముందు వేలాడే రైలుపట్టా ముక్కను మోగిస్తారు. అందరూ పనులాపి గుండ్రంగా కూర్చుంటారు. దెబ్బ తిన్నవాళ్ళు ముందు మాట్లాడతారు. కొట్టినవాళ్ళు అడిగినదానికి మాత్రమే బదులు చెప్పాలి. దెబ్బ తిన్నవాళ్ళు నవ్వేదాకా కొట్టినవాళ్ళు ఎవరినీ నవ్వించకూడదు. ఇదేం శిక్ష అని రచ్చకట్ట మీద నేనే అందరికీ చెప్పి నవ్వించాను.

మా పాపకు అప్పుడు పదేళ్ళు. ఆమె పలక మీద కుక్క బొమ్మ ఉండేది. సోలారు కట్టేటప్పుడు వచ్చిన కూలీల క్యాంపులు ఎత్తేశాక, వాళ్ళ అన్నం తిని బలిసిన కుక్కలు ఇక్కడే మిగిలిపోయాయి. ఒక మధ్యాహ్నం అవి మా గొర్రెపిల్లను పాప కళ్ళ ముందే చెరోవైపు పట్టి చీల్చాయి. పిల్ల ఇంకా అరుస్తుండగానే పేగులు బయటికి లాగాయి. పాప ఏడవలేదు. మా అమ్మ ఒకప్పుడు జొన్నచేలో రాళ్ళు రువ్వి పిట్టలు తోలిన కిత్తనార వడిసెలను తనే అటక మీద నుంచి దించింది. సోమవారం పలక మీద కుక్కను గీసి, పక్కన వడిసెల గీసింది.

ఆ పలక ఎనిమిది నెలలు దిగలేదు. గుండ్రటి రాయి ఎంత దూరం పోతుంది, పలకరాయి ఎంత పోతుంది, ఎదురుగాలికి ఎంత తగ్గుతుంది, అంతా అడుగులతో కొలిచి పుస్తకంలో గీతలు పెట్టేది. పేర్లు రాయడం రాదు కాబట్టి మనిషికొక గుర్తు. అక్కకు కళ్ళద్దాలు, అమ్మకు కొడవలి, నాకు వంకర వేలున్న చెయ్యి. ఎనిమిది నెలలకు ఆమెకు ఒక్క అక్షరం వచ్చినట్టు నాకు కనపడలేదు. ఉగాదికి చదవడం రాకపోతే బస్సెక్కించి పావగడ కాన్వెంటుకు పంపుతానని చెప్పేశాను. అదొక్కటే ఆమెకు భయం. కుక్కలంటే కూడా అంత భయం లేదు.

నేను సోలారులో గడ్డి కోసే మిషను పట్టేవాణ్ణి. ప్యానెళ్ళ దగ్గర నైలాన్ వైరుతోనే కొయ్యమని చెప్పారు. వైరు నిదానం. నేను ఇనుప బ్లేడు బిగించుకునేవాణ్ణి. అది తుమ్మమొక్కను, రాతిముక్కను, కట్లపామును ఒకే తీరున చూస్తుంది. ఒకసారి పాము మూడు ముక్కలై తలముక్క నా బూటు మీద పడి నోరు తెరిచింది. చెవుల్లో పాటలు పెట్టుకుని, పదకొండుకల్లా పని తేల్చేసేవాణ్ణి.

ఉగాదికి నెల ముందు, నేను కోసిన వరుసలోనే ఒక ప్యానెలు పగిలింది. అద్దమంతా సాలెగూడులా చిట్లిపోయింది. సూపర్‌వైజరు నన్ను పిలిచి కంచె అవతలి బడి వైపు చూశాడు.

"ఆ వడిసెల పాప నీ కూతురే గదప్పా?"

పదిమంది ముందు అడిగాడు. నేరుగా ఇంటికి పోయి తలుపు వెనక నుంచి పైపు తీసుకుని బడికి నడిచాను. పాప షెడ్డు వెనక ఖాళీ స్థలంలో రాళ్ళు ఏరుకుంటోంది. మొదటి దెబ్బ వీపు మీద వేశాను. రెండోది కాళ్ళ మీద. అక్క అడ్డం వస్తే భుజం పట్టి నెట్టాను, ఆమె పోయి గోడకు గుద్దుకుంది. ఎవరో రైలుపట్టా మోగించడం మొదలుపెట్టారు. అది మోగుతూనే ఉంది, నేను కొడుతూనే ఉన్నాను.

"అంత దూరం పోదు నాయనా," అంది పాప.

ఎదురు చెబుతోంది అనుకున్నాను.

"అడుగులు బాగా లెక్కపెడతావు గదా. ఇవి గూడా లెక్కపెట్టు," అన్నాను.

నాకు ఆ మాట అప్పుడు కూడా హాస్యంగానే తోచింది, అదే ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. ఆమె అరవలేదు. దెబ్బదెబ్బకూ అంత దూరం పోదు, అంత దూరం పోదు అని మాత్రం అంటోంది. వడిసెల కొస ఉచ్చు ఆమె మణికట్టుకు ఉంది. దాన్ని పీకేయాలని మెలిపెట్టి లాగాను. ఎండిన కందికట్టె చప్పుడు వినపడింది. ముప్పై ఏళ్ళ తరువాత కూడా నేను ఆ చప్పుడును గుర్తుపట్టాను. పైపు నా చేతిలోంచి దానంతటదే జారిపోయింది.

పావగడ ఆసుపత్రిలో కట్టు వేయించాం. దారి పొడుగునా నా భార్య నాతో ఒక్క మాటే అంది.

"నీకొచ్చిన సదువు అదొక్కటే గదా."

పాప ఇంట్లో నేను ఉన్న గదిలోకి రావడం మానేసింది. ఇంక ఆ బడి వద్దు అని నేను చెప్పినా తల తిప్పలేదు.

మూడో రోజు అక్క మా ఇంటికి వచ్చింది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. పాప పుస్తకం నా ముందు పెట్టి, చదవమంది. నాకు చదవడం సరిగా రాదన్నాను. ఇందులో అక్షరాలు లేవు గదా అంది. గీతలు లెక్కపెట్టాను. పాప వేసిన రాళ్ళలో అన్నిటికన్నా దూరం పోయింది డెబ్బై అడుగులు. పక్క పేజీలో బడి నుంచి కంచె దాకా తొంభై అడుగులు. కంచె లోపలికి పోనివ్వరు కాబట్టి, కంచె నుంచి ప్యానెళ్ళ వరుస దాకా ఉన్న స్తంభాలు బయటి నుంచే లెక్కపెట్టి, ఒక్కో స్తంభానికి ఎనిమిది అడుగులు వేసుకుని ఇంకో వంద దాకా రాసుకుంది. ప్యానెలుకు తగలకూడదని ముందే కొలిచి పెట్టుకుందన్నమాట. ఎన్నడో, నెలల కిందట.

మరుసటి పొద్దున పనిలోకి పోయి ఆ ప్యానెలు కింద మోకాళ్ళ మీద కూర్చున్నాను. దెబ్బ పైన లేదు, కింది అంచు దగ్గర ఉంది. వడిసెల రాయి ఆకాశంలోంచి దిగుతుంది, నేల మీద నుంచి లేవదు. కింద ఒక వైపు కొత్తగా చెక్కుకుపోయిన రాయి ఉంది. నేను కోసిన గడ్డి చార నేరుగా దాని దగ్గరికే వచ్చి ఆగింది. మిషను తెచ్చి బ్లేడు తిప్పి చూశాను. ఒక పన్ను విరిగి ఉంది.

సూపర్‌వైజరు దగ్గరికి పోయి చెప్పాను. నేను తమాషా చేస్తున్నానని ఆయన నవ్వాడు. బ్లేడు చూపించాక నవ్వు ఆపాడు. మిషను ఇంకొకరికి పోయింది, నాకు ప్యానెళ్ళు తుడిచే మాపు ఇచ్చారు.

ఆ సాయంత్రం బడి వదలకముందే పోయి రైలుపట్టా నేనే మోగించాను. పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. నా భార్య పాపను తీసుకొచ్చింది. ఎదురుగా కూర్చున్నా పాప నా వైపు చూడలేదు. రాయి నా మిషనుదే అని చెప్పాను. ఎవరూ అడగకముందే చెప్పినందుకు ఒక పెద్దపిల్ల నన్ను మందలించింది. తరువాత అడిగింది.

"ఎన్ని దెబ్బలు ఏసినావు మామా?"

"తొమ్మిదేమో."

"పదకొండు," అంది పాప.

లెక్కపెట్టమన్నది నేనే. ఆమె లెక్కపెట్టింది. నా వంకర వేలును మరో చేత్తో మూసి పట్టుకున్నాను, ఎందుకో అది అందరికీ కనపడుతున్నట్టు అనిపించింది.

ఏం కావాలని పాపను అడిగారు. ఆమె కట్టు వేసిన చెయ్యి చూసుకుంది.

"ఇది బాగయ్యేదాకా గొర్రెలకాడ కుక్కల్ని ఎవురు తోలతారు? ఈయప్ప వడిసెల నేర్చుకోవల్ల. ఈడనే."

సొంత కూతురు నన్ను పరాయివాణ్ణి అన్నట్టు ఈయప్ప అంది. పావగడ బస్సు మాట నేను మళ్ళీ ఎత్తలేదు, ఎత్తడానికి నేనెవరిని.

సోమవారం నాకొక పలక ఇచ్చారు. నేనూ కుక్క బొమ్మే వేశాను, అది గాడిదలా వచ్చింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది, పాప ఇంకా నవ్వలేదు కాబట్టి. పని దిగాక రోజూ పోతున్నాను. మొదటి రాయి ముందుకు పోలేదు. ఉచ్చు ఎప్పుడు వదలాలో తెలియక వెనక్కి వదిలాను, అది నా చెవి పక్కనుంచి పోయి షెడ్డు రేకుకు తగిలింది. పిల్లలందరూ పడీపడీ నవ్వారు. నేను పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను. పాప కట్టు చెయ్యి కడుపుకు ఆనించుకుని, నా దగ్గర నుంచి రేకు దాకా అడుగులు కొలిచింది. పుస్తకం నేల మీద పెట్టి, ఎడమచేత్తో వంకర వేలున్న చెయ్యి గీసింది. దాని వెనక పద్నాలుగు గీతలు పెట్టింది. ఆమె నవ్వలేదు.

"ఎనక్కి పద్నాలుగు," అంది, నాకు కాదు, పుస్తకానికి. తరువాత నాకు, "ఇంగోటి ఎయ్యి."

నేను వంగి రాయి ఏరుకున్నాను.