కిల్ స్విచ్, ఇండుపగింజ

నేను పాలకొల్లులో కాలేజీ పిల్లలకి నెట్‌వర్కుల పాఠాలు చెబుతాను. అలాంటిదాన్ని నా లాప్‌టాపే నట్టేట ముంచింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

మా చెల్లెలి భర్తకి ఊరి చివర రొయ్యల చెరువులున్నాయి. రొయ్యలు పట్టేశాక ఆ మురికినీళ్ళు మంచినీళ్ళ కాలవలోకే వదులుతాడు. మొదట మొహం మీదే అడిగాను.

"అందరూ వదులుతున్నారు వదినగారూ. నేనొక్కణ్ణి ఆపితే కాలవ తేటపడిపోద్దాండి?" అని నవ్వేశాడు.

చెల్లెలు మధ్యలో నలిగిపోకూడదని నోరు మూసుకున్నాను. నోరు ఊరుకుంది గానీ చెయ్యి ఊరుకోలేదు. మా వైపు కాలవల గురించి నలుగురూ రాసుకునే ఒక వెబ్‌సైటులో ‘బోదె’ అని, అంటే పిల్లకాలవ అని, పేరు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను.

ఆ సైటులో ప్రతి రాత కిందా అది ఏ ఊరి నుంచి వచ్చిందో పడుతుంది. అందుకే మన ఊరు దాచి వేరే ఊరు చూపించే వీపీఎన్ పెట్టుకున్నాను. నా రాతల కింద సింగపూర్ అని పడేది. వీపీఎన్ తెగిపోతే మొత్తం నెట్‌నే ఆపేసే కిల్ స్విచ్ కూడా అందులో ఉంది. నీళ్ళు బయటికి పోకుండా తూముకి పలక వేస్తారే, అలాంటిదన్నమాట. మా ఇంట్లో కరెంటు పోయినప్పుడల్లా నెట్ ఆగిపోయేది. స్విచ్ ఎంత బాగా పనిచేస్తోందో అని మురిసిపోయేదాన్ని. కరెంటు పోతే రూటరే ఆరిపోతుందనీ, ఆ ఘనత స్విచ్‌ది కాదనీ నా బుర్రకి తట్టనే లేదు!

మా మరిది ఆ రాతల్ని మా ఇంట్లో భోజనాల దగ్గరే చదివి వినిపించేవాడు. "సింగపూర్‌లో కూర్చుని ఎవడో మన కాలవ కోసం ఏడుస్తున్నాడు చూడండి వదినగారూ!" నేను పప్పు వడ్డిస్తూ నవ్వేదాన్ని.

ఒక మధ్యాహ్నం అమ్మ గురించి రాశాను. బురద కాలవ నీళ్ళలో అమ్మ ఇండుపగింజ అరగదీసి కలిపితే తెల్లారేసరికి బిందె అడుగు కనిపించేదనీ, ఇప్పటి నీళ్ళకి ఏ గింజా పనిచెయ్యదనీ. పంపే బటన్ నొక్కగానే కరెంటు పోయింది. రాత వెళ్ళకుండా మధ్యలో ఆగింది. లాప్‌టాప్ మూసేసి కాసేపు నడుం వాల్చాను. లేచి తెరిచేసరికి కరెంటు వచ్చింది, వీపీఎన్ ఆకుపచ్చగా వెలుగుతోంది, రాత దానంతటదే వెళ్ళిపోయింది. కింద ఊరు మాత్రం పాలకొల్లు.

తీసేసేలోపే చెల్లెలి ఫోను.

"సింగపూర్‌లో ఇండుపగింజలు దొరుకుతాయా అక్కా?"

నేనింకా ఆ రాత తీసేసే బటన్ కోసం వెతుకుతూనే ఉన్నాను.

"ఎదురుగా కూచోబెట్టి ఆయనకి అన్నం పెడతావు, వెనకాల చేసేది ఇదా?" అని పెట్టేసింది.

కోపం పట్టలేక దొరికిన మిషనల్లా పరీక్షించాను. నా విండోస్ లాప్‌టాప్‌లో వైఫై ముందు నిద్రలేస్తుంది, స్విచ్ తర్వాత తీరుబడిగా లేస్తుంది. ఆ సందులోనే నా రాత జారిపోయింది. కాలేజీ మ్యాక్‌లో యాప్ మూసేస్తే స్విచ్చూ దాంతోనే పోయింది. ఐఫోన్‌లో అంతకుముందే తెరిచి ఉన్న కనెక్షన్లు వీపీఎన్ బయటే దర్జాగా నడిచాయి. ఆండ్రాయిడ్‌లో యాప్ స్విచ్‌ని కాక ఫోన్ సెట్టింగుల్లో ఉన్నదాన్ని పెడితే నెట్ నిజంగానే ఆగింది. లినక్స్‌లో నేను చేత్తో రాసుకున్న ఫైర్‌వాల్ నిలబడింది. అన్నిచోట్లా పేరు ఒకటే, కిల్ స్విచ్. ఒకే మాట ఇచ్చి ఇన్ని రకాలుగా తప్పుతారా! పెళ్ళిళ్ళ పేరయ్యలు నయం.

కాలవ పాడుచేసినవాడు పెద్దమనిషి, చెప్పిన నేను దొంగని. చెరువుల నీళ్ళు ఇప్పటికీ కాలవలోకే వస్తున్నాయి.

చెల్లెలికి రోజూ ఫోన్ చేస్తున్నాను. నాది, మా ఆయనది, కాలేజీది, ఏ ఫోన్ నుంచి చేసినా "అమ్మడూ" అనగానే కట్. ఆ స్విచ్ మాత్రం ఇంతవరకూ ఒక్క ఫోన్‌లోనూ తప్పలేదు.