గద పడని దుర్యోధనుడు

మదనపల్లె మార్కెట్ యార్డులో టెంపోలోంచి టమాటా క్రేట్లు దించుతుంటే ఫోను వచ్చింది. మామ పోయాడట. చౌడేపల్లె దగ్గర వాళ్ల సొంత ఊర్లోనే, భారతం ఆడబోయే మైదానంలో మట్టి పిసుకుతూ పక్కకు ఒరిగిపోయాడట. నేను నమ్మలేదు. ఉత్తుత్తి చావుకబుర్లు మోసి నవ్వినవాణ్ణి కదా, ఎవడో అదే మందు నాకు తాగిస్తున్నాడనుకున్నాను. కానీ ఫోన్లో మనిషి ఏడుస్తున్నాడు. క్రేటు కింద పెట్టేశాను.

మామ అంటే మేనమామ కాదు, జైల్లో దొరికిన మామ. తొంభైల నడుమ నేను పందెం కాసి, పుంగనూరు బస్టాండులో నిలబెట్టిన బస్సును తోలుకుపోయి ఒక టీ అంగట్లోకి దూర్చాను. ఒకాయన కాలు విరిగింది. నవ్వులాటకు చేశానంటే జడ్జి నవ్వలేదు. ఎనిమిది నెలలు వేశాడు. మామ మాత్రం బావినీళ్ల వంతు కోసం సొంత తమ్ముణ్ణి పారతో కొట్టి చంపి, యావజ్జీవం పడి వచ్చినవాడు. ఒక్కటే దెబ్బ. మొదటి రోజు "అన్నా, బీడీ ఉందా?" అని అడిగాను.

"అన్నా అనొద్దప్పా. ఇంకేమన్నా పిలువు."

అలా మామ అయ్యాడు.

మా వైపు భారతం ఆఖరి రోజున నేల మీద వెల్లకిలా పడుకున్న పెద్ద మట్టి దుర్యోధనుణ్ణి చేస్తారు. భీముడి వేషగాడు గదతో తొడ పగలగొడతాడు. ఆడవాళ్లు ఆ మట్టి పిడికెడు తీసుకుపోయి ఇంట్లో గింజల్లో వేసుకుంటారు. ఆ యేడాది జైల్లోనూ ఆ ఘట్టం ఆడుకోమన్నారు. అప్పటిదాకా పార తప్ప మరొకటి పట్టని మామ, కూరమళ్ల పక్కన నిలువున్నర దుర్యోధనుణ్ణి చేశాడు. భీముణ్ణి నేనే. తీరా ఆడే రోజున, ఖైదీ చేతికి గద ఇచ్చేది లేదన్నారు. అట్టదైనా సరే.

"గద లేకుంటే వాణ్ణి ఎట్ల సంపేది సార్? తిట్టి సంపల్లా?" అన్నాను.

"నీ నోటికి వాడు పొద్దున్నే సచ్చుంటాడు లే, పో" అన్నాడు వార్డరు.

ఆట నిలిచిపోయింది. దుర్యోధనుడు మిగిలిపోయాడు. చావడానికి లేదు, లేవడానికి లేదు. అచ్చం మా మాదిరే. ఎండకు పగుళ్లిచ్చేవాడు. మామ తన స్నానం నీళ్లలో ఒక చెంబు మిగిల్చి రోజూ మెత్తేవాడు.

ఒక పొద్దున నలుగురిని నవ్వించాలని ఆ తొడ మీద ఎగిరి తన్నాను. రెండు ముక్కలైంది. అందరూ నవ్వారు. మామ వచ్చాడు. నన్నూ అలాగే తంతాడనుకున్నాను. కూర్చుని ముక్కలు ఏరాడు.

"పగలగొట్టేదానికి ఒక్క దెబ్బ సాలప్పా. నాకు తెలీదా? అతికేదానికే దినామూ రావల్ల. దిగు, మట్టి తొక్కు."

తొక్కాను. ఉన్నన్ని నెలలూ తొక్కాను. ఆ గోడలు రోజూ ఇంత దగ్గరికి జరుగుతున్నట్టుండేవి. మట్టి దగ్గర మాత్రం ఊపిరాడేది. చెడగొట్టడమే తెలిసిన నా చేతులు ఒక చెవీ, ఒక ముక్కూ చేయడం నేర్చుకున్నాయి. "ఇది ముక్కా, వంకాయా?" అనేవాడు మామ, మళ్లీ పిసికి నా చేతికే ఇచ్చేవాడు.

ఏడో తరగతి చదివానని, తమ్ముడి భార్యకు నాచేత ఒక కార్డు రాయించాడు.

"ఏమని రాసేది మామా?"

"మట్టి పని నేర్సుకుంటాండానని రాయి."

"అంతేనా? క్షమించమని రాయొద్దా?"

"అది అడిగి తెచ్చుకునేది కాదప్పా."

జవాబు రాలేదు.

విడుదలయ్యాక మామ ఊరికి పోలేదు. పుంగనూరు అవతల ఒక షెడ్డులో ఉంటూ, కుప్పం దాకా పిలిచిన ఊరికల్లా పోయి దుర్యోధనుణ్ణి చేసేవాడు. తొడ పగలగొట్టే వేళకు మాత్రం ఉండేవాడు కాదు, ముందే బస్సెక్కేసేవాడు. సొంత ఊరు ఇన్నేళ్లకు ఈసారి పిలిచింది. పోయిన వారం నా టెంపోలోనే దింపాను. దారంతా ఒకటే మాట.

"ఆడోళ్లంతా మట్టికి వస్తారు గదా. ఆయమ్మ వస్తాదంటావా?"

"రాకపోతే నేనే సీర కట్టుకోని వస్తాలే మామా."

"నిన్ను సూస్తే దుర్యోధనుడే లేసి పరిగెత్తుతాడు, పోరా."

నవ్వాడు. ఊరి పొలిమేర కనబడగానే ఆ నవ్వు ఆగిపోయింది.

మామను సాగనంపిన మరుసటి పొద్దున మైదానానికి పోయాను. దుర్యోధనుడు మెడ దాకే ఉన్నాడు. తల కోసం పిసికిపెట్టిన ముద్ద గోనె కింద ఉంది. రొమ్మంతా నెర్రెలు విచ్చింది. అంతలో నెరిసిన జుట్టుతో ఒకావిడ బిందె ఎత్తుకుని వచ్చింది. జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఆయన మరదలని పక్కవాడు గొణిగాడు. మట్టి తీసుకుపోవడానికి వచ్చిందేమో అనుకున్నాను. ఆమె తీసుకోలేదు. కొంగు దోపుకుని కూర్చుని, దోసిళ్లతో నీళ్లు ముంచి నెర్రెల మీద పోసింది.

ఏదో ఒకటి అనకుండా నా నోరు ఊరుకోదు. "యాడి నీళ్లమ్మా?" అన్నాను.

"మా బావివే" అంది, తలెత్తకుండా. "ఎండకి పగిలిపోతాండాడు గదప్పా."

అరచేత్తో రొమ్మంతా మెల్లగా మెత్తింది. తర్వాత లేచి, బిందెలో మిగిలిన నీళ్లన్నీ ఆ గోనె మీద వంచింది.