ఎర్ర గాదెకి సూటిగా

ఒషావాలో మా గరాజ్‌లో, చలికాలపు టైర్ల వెనక, ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. మొన్న టైర్లు మార్పించడానికి దాన్ని పక్కకి లాగితే మూత ఊడి, లోపల చుట్టచుట్టి పెట్టిన విసురు వల బయటపడింది, దానితోపాటు ఒక వాసనా బయటపడింది. బురద, తుప్పు, నానిన జమ్ము గడ్డి, కొంచెం చలి. "చలికి వాసనేంటి?" అని మా అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది. ఉంటుంది. సస్కటూన్ ఊరి బయట అక్టోబరు ఉదయాన నీళ్ల ఒడ్డున నిలబడ్డవాళ్లకి తెలుస్తుంది. చేపలు పట్టడానికి అల్లిన ఆ వలతో మా నాన్న ఒక్కసారి ఒక బాతుని ఒడ్డుకి లాగాడని చెబితే మా అమ్మాయి నమ్మలేదు. అది నమ్మాలంటే మా ఇంట్లో కుక్క ఎందుకు లేదో ముందు చెప్పాలి.

నాన్న కొల్లేటి ఒడ్డున పుట్టి, నేలల గురించి చదువుకుని, ఆ చదువుతోనే సముద్రాలు దాటి సస్కటూన్ యూనివర్సిటీలో ఉద్యోగానికి వచ్చాడు. వచ్చిన మొదటి శరదృతువులో, కోసేసిన గోధుమ చేల మధ్య చిన్న చిన్న నీటి మడుగులు, వాటి చుట్టూ మనిషెత్తు జమ్ము, పైన వేలాది బాతులు చూసి ఆయన మతి పోయిందట. కొల్లేటిని ముక్కలు చేసి ఎవరో ఇక్కడ చల్లిపోయారని అమ్మతో అన్నాడట. ఆ మర్నాటి నుంచే తుపాకీ లైసెన్స్ పరీక్షకి చదవడం మొదలుపెట్టాడు.

బాతుల వేటకి వెళ్లే ప్రతి ఇంట్లో అక్కడ ఒక కుక్క ఉంటుంది. పడిన పక్షిని నీళ్లలోంచి, జమ్ములోంచి నోట కరుచుకుని తెచ్చేది అదే. మా అమ్మని చిన్నప్పుడు వీధికుక్క కరిచి, బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు పొడిపించారు. ఆ తర్వాత కుక్క పేరెత్తితేనే ఆమె చెయ్యి పొట్ట మీదకి వెళ్లేది. కాబట్టి కుక్క రాదు. తుపాకీని మాత్రం అమ్మ ఒక షరతు మీద ఇంట్లోకి రానిచ్చింది.

"చంపినదాన్ని తెచ్చుకోలేనప్పుడు చంపడం ఎందుకండీ? ఒక్కటి వదిలేసొచ్చారో, ఆ తుపాకీ ఇంక బయటికి తియ్యకూడదు."

నాన్న సరేనన్నాడు. నాకు ఊహ వచ్చేసరికి ఆ షరతు మా ఇంట్లో గోడలాగా, కిటికీలాగా ఉంది. ఎన్ని బాతులు తెచ్చాడని అమ్మ ఎప్పుడూ అడగలేదు, అన్నీ తెచ్చారా అని మాత్రమే అడిగేది.

కుక్క చేసే పనిలో సగం నాకొచ్చింది. చీకటి విడవక ముందే నాన్న లేపి, రెండు స్వెట్టర్లు తొడిగి, జేబులో జంతికలు పోసి, నన్ను కారు వెనక సీట్లో పడేసేవాడు. పీటర్ అంకుల్ అనే రైతు పొలంలో ఉండేది మా మడుగు. ఆయన అనుమతితోనే వెళ్లేవాళ్లం. నీళ్లకి అవతల, చాలా దూరంలో, రైలు పట్టాల పక్కన ధాన్యం నిలవచేసే ఎత్తైన చెక్క కట్టడం ఒకటి, ఎర్ర రంగుది, కనిపించేది. అక్కడివాళ్లు దాన్ని ఎలివేటర్ అంటారు. ధాన్యం పోసేది గాదె కాక మరేమిటని నాన్న వాదన, మాకది ఎర్ర గాదె.

నా పని చెప్పడానికి సులువు, చెయ్యడానికి కష్టం. బాతు పడిన చోటు మీద కన్ను వేసి, తియ్యకుండా ఉండాలి. గాలిలో గుండు తగిలి ముడుచుకున్న పక్షి నీళ్లని తాకగానే, దాని వెనక దూరాన ఏముందో చూసి, చెయ్యి ఎత్తి అటు చూపిస్తూ, దేవుడి గుళ్లో విగ్రహంలా కదలకుండా నిలబడాలి. ఎర్ర గాదెకి సూటిగానో, ఒంటరి పోప్లార్ చెట్టుకి సూటిగానో. నాన్న తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లలో నీళ్లలోకి దిగుతూ ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు.

"కన్ను తియ్యమాక అమ్మడూ. నేను దిగుతన్నా."

ఆయన వెనక్కి తిరిగి నా చేతిని చూసుకుని ఆ గీత వెంబడే నడిచేవాడు, పక్కకి జరిగితే నేను "లెఫ్ట్, నాన్నా, లెఫ్ట్" అని అరిచేదాన్ని. కళ్ల ముందే పడిన బాతు నడిచి వెళ్లేసరికి అక్కడ ఎందుకుండదో నాకెప్పటికీ అంతుపట్టేది కాదు. నీళ్ల మీద దూరం మనిషిని మోసం చేస్తుందని, కంటికి దగ్గర అనిపించేది కాలికి దూరమని నాన్న చెప్పేవాడు. అనుకున్న చోట పక్షి కనిపించకపోతే మెడలోని ఎర్ర తువ్వాలు తీసి ఒక జమ్ము కాడకి కట్టి, దాని చుట్టూ మొదట చిన్న సున్నా, ఆ తర్వాత పెద్ద సున్నా చుట్టినట్టు తిరుగుతూ వెతికేవాడు. లోతు ఎక్కువైన చోట పడితే గడ్డిపరక ఒకటి గాల్లోకి వదిలి, అది ఎటు పోతే ఆ వైపు ఒడ్డుకి వెళ్లి కూర్చునేవాళ్లం. ఫ్లాస్కులో టీ ఆయనకి, జంతికలు నాకు. గాలి తన పని తాను చేసుకుంటూ బాతుని నెమ్మదిగా మా కాళ్ల దగ్గరికే నెట్టుకొచ్చేది, ఆ తేలి రావడం చూస్తూ కూర్చోవడమంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

దసరా రోజుల్లో అమ్మ గారెలు వండేది. గసాలు, ఎండుకొబ్బరి నూరి బాతు కూర చేసేది. ఈకలు పీకే పని వెనక మెట్ల మీద, నాన్నది. సన్నటి బొచ్చు ముక్కులోకి వెళ్లి నేను తుమ్ముతుంటే, ఎగిరిన ఈకలు పక్కింటి లాన్ మీద వాలేవి. కూరలో ఎప్పుడైనా పంటికి తుపాకీ గుండులోని ఇనుప రవ్వ తగిలితే దాన్ని తీసి పళ్లెం అంచున పెట్టుకోవడం మాకు గొప్ప. దీపావళి వచ్చేసరికి మడుగులు గడ్డకట్టి, బాతులు దక్షిణానికి పోయి, వేట ముగిసేది.

ఇక వల సంగతి. ఒకసారి కొల్లేటి నుంచి వస్తూ నాన్న, మా పెదనాన్న అల్లి ఇచ్చిన విసురు వలని సూట్‌కేసులో పచ్చళ్ల కింద పెట్టి తెచ్చాడు. లోతులో తేలుతున్న బాతు మీదకి వల విసిరి లాగేస్తే గాలి కోసం కూర్చోనక్కర్లేదని ఆయన ఆలోచన. మోచేతి మీద మడత, పంటి కింద ఒక కొస, నడుము తిప్పి విసిరితే, అది గాల్లో పళ్లెంలా విప్పుకుని చచ్చిన బాతు మీద మెత్తగా వాలింది. నేను చప్పట్లు కొట్టాను. వెనక ఇంకెవరి చప్పట్లూ వినిపించలేదు గానీ, ఒక దగ్గు వినిపించింది. వేట నియమాలు చూసే ఆఫీసర్ ట్రక్కు దిగి నిలబడి ఉన్నాడు.

వలతో పక్షుల్ని పట్టడం ఈ దేశంలో నేరం. బాతు ముందే చచ్చిందని, వల తేవడానికే తప్ప పట్టడానికి కాదని, తమ ఊళ్లో మనుషులు పుట్టుకతోనే ఇది నేర్చుకుంటారని నాన్న నేలల పాఠం చెప్పినంత ఓపికగా వివరించాడు. ఆఫీసర్ అంతా విని, ఇంకోసారి విసిరి చూపించమన్నాడు. చూశాక, "మీ మాట నేను నమ్ముతున్నా, కానీ ఇది చూసి రోడ్డు మీద పోయే ప్రతివాడూ నాకే ఫోన్ చేస్తాడు" అని నవ్వి, దాన్ని ఇంట్లో దాచుకోమన్నాడు. వల ఆ రోజే డబ్బాలోకి వెళ్లింది.

ఆ తర్వాతి ఏడాది, నేను గ్రేడ్ ఫోర్‌లో ఉండగా, రెండు బాతులు జంటగా వచ్చాయి. ఒకటి పడ్డాక దాన్ని ఒడ్డుకి తెచ్చేదాకా రెండోది కొట్టకూడదని, జమ్ము మీదుగా పోయేదాన్ని అసలు కొట్టకూడదని నాన్న తనకి తానే పెట్టుకున్న నియమం. మొదటిది ఎర్ర గాదెకి సూటిగా పడింది. నేను చెయ్యి ఎత్తాను. ఎందుకో తెలీదు, ఆయన రెండోసారి పేల్చాడు. నా ఎడమ పక్కన ఎక్కడో జమ్ము విరిగిన చప్పుడైంది. తిరిగి చూడాలని మెడ లాగింది, కానీ నా కన్ను మొదటిదాని మీద ఉంది, నేను తియ్యలేదు.

మొదటిది దొరికింది. రెండోదాని కోసం ఎర్ర తువ్వాలు కట్టి, సున్నాలు చుట్టి చుట్టి, బూట్లలోకి నీళ్లెక్కినా నాన్న ఒడ్డెక్కలేదు. "నేను చూడలేదు నాన్నా" అని ఏడుపు మొహం పెట్టాను.

"నువ్వు జేసింది రైటే అమ్మడూ. నేనే తొందరపడ్డా," అన్నాడు.

పొద్దువాలాక ఇంటికి బయలుదేరాం. దారంతా నాకు ఒకటే ఆదుర్దా, నాన్న అమ్మకి చెబుతాడా? అమ్మ లెక్క అడగదు, అన్నీ తెచ్చామంటే నమ్ముతుంది. నేను నోరు విప్పను. చెప్పకపోతే తుపాకీ ఉంటుంది, మడుగు ఉంటుంది, తెల్లవారుజామున జంతికలు ఉంటాయి. వెనక సీట్లో నేను ఆయన మెడనే చూస్తూ కూర్చున్నాను, అక్కడ తువ్వాలు లేదు. అక్కడే జమ్ముకి కట్టి వదిలేశాడు.

గుమ్మంలో బూట్లు విప్పుతూనే చెప్పేశాడు. "ఒకటి దొరకలా."

అమ్మ స్టవ్ ఆపింది. తిట్టలేదు. "ఎక్కడ పడింది?" అంది. "జమ్ములో," అన్నాడు. "అయితే రేపు నేనూ వస్తా," అంది.

మర్నాడు నేలంతా మంచు పొడి. చీర మీద నాన్న పార్కా కోటు, కాళ్లకి స్నో బూట్లు వేసుకుని అమ్మ మాతో వెతికింది. ఎర్ర తువ్వాలు బిగుసుకుపోయి అట్టలా నిలబడి ఉంది. ఎంతకీ ఏమీ కనిపించకపోయేసరికి, అమ్మ ఎవరితోనూ చెప్పకుండా పొలం గట్టు మీదుగా పీటర్ అంకుల్ ఇంటివైపు నడిచి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన ట్రక్కు ముందు సీట్లో ఉంది. వెనక ఆయన ముసలి నల్ల కుక్క మాగీ ఉంది.

మాగీ దిగగానే అమ్మ నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేటంత గట్టిగా. రెండో చెయ్యి పొట్ట మీద ఉంది. కుక్క నాన్న వెతికిన చోటు వైపు చూడనైనా లేదు. ముక్కు నేలకి ఆనించి, ఒడ్డు వెంబడే చాలా దూరం పోయి, గట్టు కింద వేలాడే గడ్డిలోకి తల దూర్చి బాతుతో బయటికొచ్చింది. పీటర్ అంకుల్ మా వెనక నిలబడి పిలిచాడు. మాగీ నేరుగా పరిగెత్తుకొచ్చి, దారిలో అడ్డుగా ఉన్న అమ్మ ముందు ఆగి, మొహం పైకెత్తింది.

అమ్మ నా చెయ్యి వదిలింది. హారతి పళ్లెం అందుకున్నట్టు రెండు చేతులూ చాచింది. కుక్క నోరు తెరిచింది. బాతు అమ్మ చేతుల్లోకి జారింది. ఆమె దాన్ని అలాగే పట్టుకుని నాన్న వైపు తిరిగింది.

"ఏవండీ, ఇంకా వెచ్చగా ఉంది."

అంత మంచు పడిన రాత్రి తర్వాత, నిన్న చచ్చిన పక్షి వెచ్చగా ఉండదు. నాకది అర్థం కావడానికి కొంచెం టైమ్ పట్టింది. నాన్నకి వెంటనే అర్థమైంది. ఆయన మొహం చూసి నాకు భయమేసింది.

"దొరికింది కదా, షరతు తప్పలేదు," అని ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మే అంది. నాన్న ఆ కూర తిన్నాడు, ఒక్క ముక్క వదలకుండా. ఆదివారం తుపాకీ తుడిచి, నూనె పెట్టి, పీటర్ అంకుల్‌కి ఇచ్చేసి వచ్చాడు. అమ్మకి కుక్కల భయం పోయిందని చెప్పలేను గానీ, ఆ తర్వాత ప్రతి దసరాకీ మాగీ కోసం ఉప్పూ కారం లేని గారెలు పక్కన తీసి పంపేది.

మేము మడుగుకి వెళ్లడం మానలేదు. తుపాకీ బదులు బైనాక్యులర్స్ పట్టుకెళ్లి, వాలే బాతుల వైపు నేను చెయ్యి చూపించేదాన్ని. ఆ రాత్రంతా ఆ బాతు ఎక్కడుందన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. గాయపడిన బాతు నీళ్లలో మునిగి, ముక్కు కొస మాత్రం పైకి పెట్టి, గడ్డి కింద నిశ్శబ్దంగా దాక్కుంటుందని తర్వాత తెలిసింది. అంటే నాన్న సున్నాలు చుడుతున్నంత సేపూ మా మాటలు అది వింటూనే ఉండి ఉంటుంది.

పోయిన అక్టోబరులో ఆఫీసు పని మీద సస్కటూన్ వెళ్లి, కారు అద్దెకి తీసుకుని ఆ మడుగు కోసం వెతికాను. పీటర్ అంకుల్ లేడు, ఇల్లు లేదు. నీళ్లు మళ్లించేసి చదును చేశారు, ఎటు చూసినా కోసేసిన కనోలా పంట మోళ్లే. అయినా చోటు పోల్చుకోగలననుకున్నా. తల ఎత్తి చూస్తే ఎర్ర గాదె కూడా లేదు, ఎప్పుడో కూలగొట్టేశారు. చెయ్యి ఎటు చూపించాలో తెలియక, రోడ్డు పక్కన నిలబడి, ఇప్పుడు మా ఊరికి దగ్గర్లో స్కార్‌బరోలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న నాన్నకి ఫోన్ చేశాను. ఆయనకిప్పుడు చూపు బాగా మందగించింది, మనుషుల్ని గొంతుతోనే గుర్తుపడతాడు.

"నాన్నా, మడుగు లేదు. గాదె లేదు. ఎక్కడ నిలబడాలో తెలీట్లేదు," అన్నాను.

అవతల వినిపిస్తున్న టీవీ చప్పుడు ఆగింది. అమ్మ దాన్ని ఆపినట్టుంది.

"ఎక్కడో ఓ చోట నిలబడు. చెయ్యి ఎత్తు," అన్నాడు నాన్న. "ఎత్తావా?"

"ఎత్తాను."

"కన్ను తియ్యమాక అమ్మడూ. నేను దిగుతన్నా."

గాలి వీస్తోంది. దూరంగా ఏమీ లేదు. చెయ్యి నొప్పి పుట్టినా నేను దించలేదు.