పదమ్ లాల్ చేతి బోణీ

తెల్లవారుజామున బొగ్గుల మీద టమాటాలు పెడితే ముందు తొక్క చిట్లుతుంది. తర్వాత రసం కారి నిప్పు మీద పడి సుయ్యిమంటుంది. పక్క మూకుట్లో నువ్వులు చిటపటలాడతాయి. ఆ రెండు వాసనలూ కలిసి, మార్కెట్లోంచి వచ్చే బెల్లం వాసన మీద ఎక్కి కూర్చుంటాయి. నిన్న ఒక కొత్త లారీ డ్రైవరు, ఒడిశా వైపు మనిషి, ప్లేటు ఊడ్చినట్టు తినేసి, ఆ చట్నీ ఏమిటని సైగ చేసి అడిగేడు. నేను నోరు తెరిచేలోపే మూటలు మోసే కళాసీ ఎర్రయ్య చెప్పేసేడు, "గూర్ఖా సట్నీ" అని. నాకు నవ్వొచ్చింది. ఎన్నేళ్ళయినా ఆ పేరు ఊడదు. గూర్ఖా అన్నది ఆ మనిషి పేరూ కాదు, అతనికి నచ్చిన పనీ కాదు. ఆయన పేరు పదమ్ లాల్.

నాది అనకాపల్లి బెల్లం మార్కెట్ గేటు దగ్గర టిఫిన్ బండి. నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది. సంతకం దాటి నాకు అక్షరాలు రావు. నా మాటలు అక్కడక్కడ సరిచేస్తోందని తెలుసు, చేసుకోనీండి. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం ముట్టుకోవద్దని చెప్పేను, ముఖ్యంగా ఆయనవి.

పదమ్ లాల్ ది నేపాల్ కొండల్లో ఏదో పల్లె. పెళ్ళీడులో అన్న వరసైనవాడొకడు తీసుకొచ్చి, మార్కెట్లో కొట్లకి కాపలా పెట్టి, తను వెళ్ళిపోయేడట. మొదటి రోజే షావుకార్లు "బహదూర్" అని పిలిచేరు. "నా పేరు పదమ్ లాల్ బాబూ" అన్నాడట ఈయన. "అలాగే బహదూర్" అన్నారట వాళ్ళు. బహదూర్ అంటే ధైర్యవంతుడని ఆయనే నాకు చెప్పేడు, చెప్పి తనే నవ్వేడు. ఎందుకంటే ఆయనంత పిరికి మనిషిని నేను చూడలేదు. కుక్క మొరిగితే నా బండి చాటుకి వచ్చేసేవాడు. ఉరిమితే చెవులు మూసుకునేవాడు. ఈల మాత్రం ఊరంతా లేచిపోయేటట్టు ఊదేవాడు. అంత గట్టిగా ఎందుకన్నా అని ఒకసారి అడిగేను.

"నానొత్తన్నానని దొంగోడికి తెలవాల గదా సెల్లీ. తెలిత్తే ఎల్లిపోతాడు. ఆడూ బతికిపోతాడు, నానూ బతికిపోతాను."

ఆ తెలుగు కళాసీల దగ్గర నేర్చుకున్నది. మాకంటే ఆయన యాసే ముదురు. అయినా ఎవరూ ఆయనతో తెలుగులో మాట్లాడేవారు కాదు. "అగ్గిపెట్టుందేటి బాబూ" అని అడిగితే కొట్టువాడు "నై నై, కల్ ఆవ్" అనేవాడు. వాడికి హిందీ రాదు, ఈయన హిందీలో అడగనూ లేదు. మొహం చూసి నోరు హిందీకి తిప్పేసేవారు, అంతే.

ఆయనకి వంటంటే ప్రాణం. వాళ్ళమ్మ కొండదారిన పోయేవాళ్ళకి అన్నం వండి పెట్టేదట, ఆవిడ దగ్గర నేర్చుకున్నాడు. పట్నంలో ఒక హోటలాయన దగ్గరికి వెళ్ళి వంటపని అడిగితే, "నూడుల్స్ చేస్తావా?" అన్నాడట. మా ఊళ్ళో అవి లేవు బాబూ, మేమూ పప్పూ అన్నమే తింటాం అంటే నమ్మలేదు. "పోనీ గేటు దగ్గర నిలబడు. నిన్ను చూస్తే దొంగలు రారు" అన్నాడట. ఆ సంగతి ఆయన చెప్పినప్పుడల్లా మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. చెప్పడం అయిపోయేక ఆయన మాత్రం కాసేపు కర్రతో నేల మీద గీతలు గీసేవాడు.

మా ఆయన ఉన్నప్పుడు ఈ బండి ఆయనదే, నేను వెనక పిండి రుబ్బేదాన్ని. ఆయన పోయేడు. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని, తర్వాత బండి నేనే బైటకి తీసేను. కొడుకు బళ్ళో చదువుతున్నాడు. బండి నిలబడకపోతే మేమిద్దరం మా అన్నదమ్ముల అరుగు మీదకి పోయి పడాలి. బెల్లం వ్యాపారం చేసేవాళ్ళకి బోణీ అంటే ఎంత పట్టింపో తెలిసినవాళ్ళకే తెలుసు. పొద్దుటే మొదటి బేరం ఎవరి చేతి మీద జరిగితే రోజంతా అలా నడుస్తుందంటారు. మొగుడు పోయినదాని చేతిలోంచి మొదటి ప్లేటు ఎవరు పుచ్చుకుంటారు? ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అంటే తిట్టేదాన్ని, నా నోటి సంగతి వాళ్ళకి తెలుసు. అందరూ ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి, ఎవరైనా ముందు తింటే బాగుణ్ణని నా వైపు చూసేవారు. అందరికీ ఆకలే. అందరికీ నేనంటే ఇష్టమే. ఇడ్లీలు చల్లారిపోయేవి.

అలా ఇంకొక్క వారం గడిస్తే బండి అమ్ముకోవలసిందే. ఒకరోజు తెల్లారి డ్యూటీ దిగి, కర్ర భుజాన వేసుకుని పదమ్ లాల్ వచ్చేడు.

"ఏటి సెల్లీ, పెళ్ళికొచ్చినట్టు అందరూ అక్కడ నిలబడిపోనారు?"

"బోణీ అన్నా. నా సేతి బోణీ ఎవులికి కావాల?"

ఆయన జేబులోంచి నాణెం తీసి నా డబ్బాలో టంగుమనిపించేడు. ఒక ఇడ్లీ నోట్లో కుక్కుకుని, రోడ్డుకేసి తిరిగి, ఈల ఊదే గొంతుతో అరిచేడు. "బోణీ అయిపోనాది. గూర్ఖా సేతి బోణీ."

టీ కొట్టు దగ్గర మొహాలు చూసుకున్నారు. "గూర్ఖా చెయ్యి, నమ్మకమైన చెయ్యే" అన్నాడొక గుమస్తా. అంతే, గుంపు ఇటు కదిలింది. ఇడ్లీ పాత్ర ఖాళీ అయ్యేదాకా నాకు తల ఎత్తడానికి తీరలేదు. జనం తగ్గేక అడిగేను.

"నీ సేతిలో అంత మహత్తుందేటి అన్నా?"

"నా సేతిలో ఏటీ నేదు. గూర్ఖా సేతిలో ఉందంట. ఆడ్ని నానెప్పుడూ సూడనేదు. నువ్వు సూసేవేటి?"

అప్పటి నుంచి రోజూ బోణీ ఆయనదే. నా బండి నిలబడింది. నన్ను ఒడ్డున పడేసిన ఆ పేరే ఆయన్ని మాత్రం గేటు దగ్గర నిలబెట్టేసింది. అది ఆయనకి లోపల కోస్తూనే ఉంది. ఇంతలో ఎవరో చెవిలో వేశారు, నేపాల్ పౌరసత్వం వదిలేసుకుని ఇక్కడి పౌరసత్వం తీసుకో, అప్పుడు నువ్వు మాలో ఒకడివి అయిపోతావు, నిన్నెవరూ గూర్ఖా అనలేరు అని. ఇంక చూడండి, ఆయన కాళ్ళు నేల మీద లేవు. ఎర్రయ్య ఏడిపించేవాడు.

"అయితే బావా, కాయితం మారిపోతే కుక్కలు కూడా నిన్ను మనోడే అనుకుంతాయా?"

"కుక్కలికి కాయితంతో పనేటి బావా. అయి అందర్నీ సూసి ఒక్కలాగే మొరుగుతాయి. మీకంటే అయ్యే నయం."

నా దగ్గర మాత్రం నిజం చెప్పేవాడు. "ఆ పేరొక్కటీ రాలిపోవాల సెల్లీ. అప్పుడు పదమ్ లాల్ వంటోడంటారు. హోటలోడు గేటు సూపించడు." నేను అవునన్నాను. మనసులో మాత్రం అనుకున్నాను, ఈయనకి ఇచ్చెయ్యడానికి ఒక ఆఫీసుంది, నాకు తగిలించిన పేరు ఏ ఆఫీసులో ఇచ్చెయ్యాలి అని.

కోర్టు దగ్గర ఒక ప్లీడరు గారున్నారు. ఒక్కడూ వెళ్ళడానికి భయం, నన్ను తోడు రమ్మన్నాడు. ప్లీడరు గారు మంచివారు. "బైఠో బైఠో" అని కుర్చీ చూపించేరు. "పరవానేదు బాబూ, నిలబడే సెప్తాను" అన్నాడీయన. అంతా విని ఆయన ఓపిగ్గా చెప్పేరు. చాలా ఏళ్ళు పడుతుంది, ఆ దేశం హక్కు పూర్తిగా వదిలెయ్యాలి, రెండు పడవల మీద కాళ్ళు కుదరవు.

"అయన్నీ సేత్తాను బాబూ" అన్నాడు పదమ్ లాల్. "అది ఒగ్గేత్తే నన్నింక గూర్ఖా అనరు గదా?"

ప్లీడరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు ఆలోచించేరు. పాపం, నిజంగానే ఆలోచించేరు.

"చట్టంలో ఆ సంగతి లేదు బహదూర్" అన్నారు.

మేం దణ్ణం పెట్టి గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచేరు. "ఇదిగో, మా వీధిలో కాపలాకి నమ్మకమైన మనిషి కావాలి. నువ్వు ఖాళీయేనా?"

బైటకొచ్చి, చెరకురసం బండి దగ్గర బల్ల మీద కూలబడి, ఇద్దరం కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వేం. రసం బండివాడు మమ్మల్ని వింతగా చూసేడు. నవ్వు ఆగేక పదమ్ లాల్ రెండు చేతులతో తన మొహం తడుముకున్నాడు.

"ఈ మొగం నాకు నేపాల్ గవర్నమెంటోళ్ళిచ్చేరేటి సెల్లీ, తిరిగిచ్చీడానికి?"

"మరి నా నుదురో? నానెవులికి తిరిగిచ్చీను?"

ఆయన గ్లాసు పక్కన పెట్టేడు. గొంతు తగ్గించేడు. "ఆ నేపాల్ కాయితం రాయించడానికి మా అమ్మ నా సెయ్యట్టుకోని కొండ దింపి తీసుకెల్లింది. అందులో పదమ్ లాల్ అనుంది. ఈ దేశంలో ఆ కాయితమొక్కటే నన్ను పేరెట్టి పిలుత్తాది. దాన్ని ఒగ్గేసి, ఒట్టి గూర్ఖాని ఉంచుకుంతానేటి?"

అంతవరకూ నాకూ ఆయన ఒట్టి 'అన్న'యే. "లెగు పదమన్నా" అన్నాను. "హోటలోళ్ళనడగడం ఇంక సాలు. నా బండి మీద వండు."

ఆయన మొహం వెలిగిపోయింది, ఆ వెంటనే నాకు బోణీ సంగతి గుర్తొచ్చింది. ఆయన బండి వెనక నిలబడితే కొనేవాడు కాదు, అమ్మేవాడు. మరి బోణీ ఎవరు చేస్తారు? అదే అడిగేను.

"నువ్వే సెయ్యి" అన్నాడు.

"అమ్మీ మనిసే బోణీ సేసుకోడం ఎక్కడైనా ఉందేటి?"

"గూర్ఖా వంట సెయ్యడం ఎక్కడైనా ఉందేటి? రెండూ నేవు. రెండూ సేసేద్దాం."

మర్నాడు పొద్దుట నూకాలమ్మని తలుచుకుని, చీర కొంగు ముడి విప్పి, నాణెం తీసి నా డబ్బాలో నేనే వేసేను. "బోణీ అయిపోనాది" అన్నాను. నా గొంతు మీకు తెలీదు, బొంగురు గొంతు, మార్కెట్ ఆ చివరికి వినబడుతుంది. "నా సేతి బోణీ."

ఎవరూ కదల్లేదు. టీ కొట్టు దగ్గర అదే చూపు. పదమ్ లాల్ భయంతో ఇడ్లీ పాత్ర చాటుకి నక్కి టమాటాలు తిప్పుతున్నాడు. నువ్వులు వేగేయి. వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకున్న తిమూర్ అనే గింజ, మిరియంలా ఉంటుంది, నాలుక జిల్లుమంటుంది, అది నూరి కలిపేడు. గాలి అటే వీస్తోంది. ఉన్నట్టుండి ఎర్రయ్య తల మీది మూట అక్కడే దింపేసి వచ్చేడు.

"ఆ వాసనేటి వదినా? పేగులు లెగిసిపోతన్నాయి."

తిన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. అప్పుడు అందరూ తప్పుకుంటే, పెద్ద షావుకారు గారు నడిచొచ్చేరు. పొద్దుట పూట శకునం చూడకుండా కొట్టు తలుపు తియ్యని మనిషి ఆయన. నా చేతిలోంచి ప్లేటు అందుకున్నారు. నిలబడి తిన్నారు. వేలితో ప్లేటు తుడిచేరు.

"గూర్ఖా చేశాడంట కదా" అన్నారు. "కల్తీ ఉండదు."

పదమ్ లాల్ నా చెవి దగ్గర గొణిగేడు. "సూసేవా, బాగుందని మాత్రం అన్నేదు."

"ఇంకో రెండు ఇడ్లీ వెయ్యమ్మా. చట్నీ ఎక్కువగా" అన్నారు షావుకారు గారు.

"అదిగో, అన్నారు" అన్నాను నేను.

ఆ తర్వాత పదమన్న ఈల మళ్ళీ ముట్టుకోలేదు. మోకాళ్ళు పట్టేసేదాకా నా బండి మీదే వండేడు. మా వాడి పెళ్ళి వంట కూడా ఆయనదే. చివరికి మేనల్లుడొచ్చి ఊరికి తీసుకెళ్తానంటే, మార్కెట్ వాళ్ళంతా కలిసి వీడ్కోలు ఫ్లెక్సీ వేయించేరు. ఏం రాయించాలని ఎర్రయ్య నన్నడిగేడు. 'వంట మాస్టర్ పదమ్ లాల్ గారు' అని చెప్పేను. గేటుకి కట్టగానే జనం మూగేరు.

"ఎవులీ పదమ్ లాల్?"

"మన గూర్ఖాయే బాబూ."

"అయితే పేరు తప్పడిపోనాది. మార్పించండి."

పదమ్ లాల్ నవ్వి నవ్వి ఆ ఫ్లెక్సీ కిందే కూలబడ్డాడు. బస్సెక్కే ముందు దాన్ని విప్పించి, జాగ్రత్తగా చుట్టుకుని చంకలో పెట్టుకున్నాడు. "మా ఇంటి గోడకి కట్టుకుంతాను" అన్నాడు. "అక్కడెవులికీ తెలుగు రాదు. పరవానేదు, అందులో ఏటుందో నాకు తెలుసు."

కిందటి చలికాలం మేనల్లుడు ఫోన్ చేసి, మావయ్య పోయేడని చెప్పేడు. ఫ్లెక్సీ ఇంకా గోడ మీదే ఉందన్నాడు. తిమూర్ గింజలు ఇప్పటికీ పంపిస్తాడు, మంచి పిల్లాడు.

ఇప్పటికీ మొదటి నాణెం నేనే వేస్తాను. ఇంకో అలవాటు కూడా ఉండిపోయింది. ఈ మధ్య ఫ్యాక్టరీ పనులకీ లారీల మీదా ఎక్కడెక్కడి వాళ్ళో వస్తున్నారు. ఒడిశా అయినా, బెంగాల్ అయినా, మా వాళ్ళకి అందరూ 'హిందీవోళ్ళే'. నేను మాత్రం ప్లేటు చేతికిచ్చే ముందు పేరడుగుతాను.

నిన్నటి లారీ డ్రైవరు రెండో ప్లేటుకి చెయ్యి చాపితే ఆపేను. "గూర్ఖా సట్నీ కాదు నాయనా, పదమ్ లాల్ సట్నీ. నీ పేరేటి?" అన్నాను. అర్థం చేసుకుని ఏదో చెప్పేడు. నేను తప్పు పలికేను. మళ్ళీ చెప్పేడు. మళ్ళీ తప్పే. అతను నవ్వుతూ ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్తుంటే, నేను ప్లేటు పట్టుకుని అలాగే నిలబడి నోరు తిప్పుకుంటున్నాను.

"వదినా, ఇడ్లీ సల్లారిపోతన్నాది" అన్నాడు ఎర్రయ్య.

చల్లారనీ. ఒకప్పుడు ఈ బండి మీద ఇంతకంటే పనికిమాలిన దానికే చల్లారేయి.