ఎండుచేప మీదికి నెట్టిన నేరం

ఉదయం ఆరూ ఇరవైకి మా ఆవిడ పాలు దించి బుల్లిని పిలిచింది. తొమ్మిదేళ్లుగా ఆ ఉదయాన్ని మోస్తున్నాను. ఆవిడ పోయి ఏడాదయింది. ఇక మొయ్యను.

బుల్లి మా పిల్లి. పాల దగ్గరికి వచ్చింది గాని తాగలేదు. వీపు మీద చర్మం అలలా కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది.

"ఏటండీ, దీని ఈపు సూడండి. తోలు దానికదే కొట్టుకుంతంది."

"రాత్రి నువ్వు పెట్టిన ఎండుచేప తినీసింది కదా, అదింకా లోపల ఈదుతున్నట్టుంది."

"అచ్ఛా, మీరు తిన్నప్పుడు ఈదలేదేటి?"

ఆవిడ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. కారణం నాకు తెలుసు.

అప్పుడు మేముండేది బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో. బోగీల్లో నల్లులకు మందు కొట్టించడం నా డ్యూటీ. బజారు మందు కల్తీ, డ్యూటీ మందే అసలుదని మాకొక నమ్మకం. చిన్న సీసాలో ఆ మందు ఇంటికి తెచ్చాను. బుల్లికి పట్టిన పురుగులు పోవాలని ముందురోజు సాయంత్రం, ఆవిడ బజారుకెళ్లినప్పుడు, దాని వీపుకు రాశాను. జంతువులకు తగలనివ్వకూడదని పెద్ద డబ్బా మీద రాసి ఉంది. చదివాను. కాలనీలో బాగా చదివేవాడినని పేరున్నవాణ్ని. కొంచెమే కదా అనుకున్నాను.

ఆటోలో సర్కండా పేటలోని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. అప్పటికి చెవులు, కాళ్లు కూడా అదురుతున్నాయి. ఒంటికి ఏమైనా రాశారా అని డాక్టరు హిందీలో అడిగాడు. పక్క బల్ల మీద నాతో పనిచేసే రైల్వే డిపో మనిషి ఒకడు కుక్కతో కూర్చుని ఉన్నాడు. మందు తెచ్చానని తెలిస్తే ఉద్యోగానికి ముప్పు.

"ఏమీ రాయలేదు. ఎండుచేప తింది," అన్నాను.

పొద్దున ఆడిన వేళాకోళాన్నే కారణంగా చెప్పాను. మా ఆవిడ తల దించుకుంది.

నిజం చెప్పి ఉంటే డాక్టరు ముందు ఒళ్లు కడిగించేవాడు, వేరే వైద్యం చేసేవాడు. బతికేదా? బతికేదేమో. పిల్లి చర్మం అలా అదరడానికి పురుగు కుట్టడం, తిండి పడకపోవడం, నరాల జబ్బు, ఇలా కారణాలు చాలా ఉంటాయని తర్వాత చదివాను. నాకు పనికొచ్చే కారణం కోసమే చదివానా? అవును. దొరకలేదు. బుల్లి మర్నాడు మధ్యాహ్నం పోయింది.

"నా సేత్తో పెట్టిన సేపే దాన్ని సంపీసింది." ఆసుపత్రిలో చివరి వారం కూడా ఆవిడ ఈ మాట అంది. పక్కనే ఉన్నాను. దుప్పటి సర్దాను.

పిల్లిని చంపడం ఒక తప్పు. ఏ తప్పూ చేయని మనిషి చేత ఎనిమిదేళ్లు ఆ నేరం మోయించడం ఇంకొకటి.

ఆవిణ్ని బాగా చూసుకున్నానని బంధువులు అంటారు. ఇక అనకండి. ఇది విని, తెలియక చేశావులే అని మీరూ అనకండి. తెలిసే చేశాను. క్షమాపణ అడగను. ఇవ్వగలిగిన మనిషి లేదు, ఇంకొకరి చేత ఇప్పించుకోను. చెప్పాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఎండుచేపల పులుసంటే ఆవిడకు ప్రాణం. ఆ రోజు నుంచి మా ఇంట్లో అది వండడం లేదు.